క్విక్ వాష్ బట్టలకు వాసనెందుకు? తిరుపతి ఇంటి కేస్ స్టడీ

వాషింగ్ మెషీన్ 7 కిలోల ఫ్రంట్ లోడ్. కొని మూడేళ్ళు దాటింది. ఉన్నది తిరుపతిలో ఎం.ఆర్.పల్లి వైపు ఒక అపార్ట్‌మెంట్‌లో. ఫిర్యాదు ఏమిటంటే, ఉతికిన టవళ్ళు ఆరినప్పుడు బాగానే ఉంటాయి, ఒళ్ళు తుడుచుకోగానే ముక్కిన వాసన కొడతాయి. తెల్ల చొక్కాల కాలర్లు పసుపు తిరిగాయి. నల్ల ప్యాంట్ల మీద తెల్లటి చారలు పడుతున్నాయి. నాకంటే ముందు వచ్చిన మెకానిక్ హీటర్ పోయిందని, మార్చాల్సిందేనని చెప్పి వెళ్ళాడు. ఖర్చు పెట్టే ముందు ఇంకొకరికి చూపిద్దామని నన్ను పిలిచారు.

ఇంటివాళ్ళు ఒప్పుకున్నారు కాబట్టి, పేర్లు లేకుండా ఈ కేసు పూర్తిగా రాస్తున్నాను. "మెషీన్ సరిగ్గా ఉతకడం లేదు" అని వచ్చే కాల్స్‌లో చాలావాటి వెనక ఇలాంటి కథే ఉంటుంది. ఏదో ఒక పార్ట్ మార్చేసి డబ్బులు తీసుకుంటే ఆ రోజుకు కాల్ ముగుస్తుంది, వాసన మాత్రం ఇంట్లోనే ఉండిపోతుంది. అలాంటి రిపేరును నేను రిపేరు అనుకోను.

ఇల్లు, అలవాటు

ఇంటావిడ ఆస్పత్రిలో స్టాఫ్ నర్సు. ఆమె భర్తకు రేణిగుంట వైపు ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ. స్కూలుకెళ్ళే పిల్లలిద్దరు, అత్తగారు. తిరుపతిలో ఇల్లున్నాక దర్శనానికి వచ్చే చుట్టాలు తప్పరు. గుండు చేయించుకుని, చందనం పూసుకుని కొండ దిగి వచ్చినవాళ్ళు రాత్రికి పడుకుంటే, దిండు గలీబులన్నీ చందనమే. ఇన్ని బట్టలకూ రోజూ పొద్దున్నే ఒకే ప్రోగ్రాం, 15 నిమిషాల క్విక్.

"ఏడింటికి డ్యూటీకి పోవాలన్నా. రెండు గంటల ప్రోగ్రాం పెడితే ఆరేసేదెవరు?" అన్నారామె. న్యాయమైన మాటే. ఈ ప్రశ్నకు జవాబు లేకుండా ఎవరెన్ని సలహాలిచ్చినా ఆ ఇంట్లో నిలబడవు.

అది నవంబరు. మనకు ఈశాన్య రుతుపవనాల వానలు పడే రోజులు. మేడ మీద ఆరేయడం కుదరక బట్టలన్నీ గ్రిల్ వేసిన బాల్కనీలో దండెం మీదే ఆరుతున్నాయి.

మెషీన్‌లో ఏముంది

ముందు హీటర్ సంగతి తేల్చాలి. 230 వోల్టుల మీద నడిచే 2000 వాట్ల హీటర్ మల్టీమీటర్‌లో 26 ఓంల దగ్గర చూపాలి. ఇది అంతే చూపింది. బాడీకి కరెంటు లీకేజీ కూడా లేదు. మరి ముందొచ్చినాయనకు నీళ్ళు చల్లగా ఎందుకు తగిలాయి? ఇంటివాళ్ళు రోజూ పెట్టే క్విక్‌లోనే ఆయన పరీక్షించాడు. అందులో ఉష్ణోగ్రత కోల్డ్ మీద ఉంది. ఒకవేళ పెంచినా వేడెక్కే వ్యవధి అందులో లేదు. లెక్క వేసి చూడండి. 12 లీటర్ల నీళ్ళను 28 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు తేవడానికి ఆ హీటర్‌కు 13 నిమిషాల పైనే పడుతుంది. బట్టలూ డ్రమ్మూ తీసుకునే వేడిని ఇందులో కలపనేలేదు. ప్రోగ్రాం మొత్తమే 15 నిమిషాలైతే ఇక ఉతికేదెప్పుడు, జాడించేదెప్పుడు? కాటన్ 60, అంటే 60 డిగ్రీల కాటన్ ప్రోగ్రాం పెట్టి అరగంట ఆగి డోర్ గ్లాసు ముట్టుకుంటే వేడి చురుక్కుమని తగిలింది. హీటర్‌కు ఏ రోగమూ లేదు.

తర్వాత డోర్ రబ్బర్. దాని మడతను వేలితో వెనక్కి లాగి, తెల్లటి టిష్యూతో లోపల చుట్టూ తుడిచాను. బూడిద రంగు జిగురు వచ్చింది. అందులో తలవెంట్రుకలు, ఒక పిన్ను, నాని ముద్దైన బస్ టికెట్ ముక్క. టిష్యూ ఆమె చేతికిచ్చి వాసన చూడమన్నాను. "ఇదే అన్నా, టవళ్ళకొచ్చేది ఇదే" అన్నారు. కింది ఫిల్టర్ విప్పితే నూలు పీచు గడ్డకట్టి ఉంది. పౌడర్ వేసే ట్రే వెనక గోడకు కూడా అదే జిగురు.

ఇక ఆమె రోజూ ఎన్ని బట్టలు వేస్తారో అన్నీ వేయమన్నాను. వేసే ముందు సంచిలో పెట్టి చేతి త్రాసుకు తగిలిస్తే 5 కిలోలు దాటాయి. ఆ మెషీన్‌తో వచ్చిన పుస్తకంలో క్విక్‌కు రాసిన బరువు 2 కిలోలు, అదీ తక్కువ మురికి బట్టలకు. ఆ పుస్తకం ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా అల్మరాలో ఉంది. ఏ ఇంట్లో చూసినా అంతే.

ఫోన్‌లో టైమర్ పెట్టుకుని మెషీన్ పక్కనే కూర్చున్నాను. నీళ్ళు పట్టడానికి రెండు నిమిషాలు. సబ్బు నీళ్ళలో బట్టలు తిరిగింది సుమారు ఆరు నిమిషాలు. మిగతాదంతా నీళ్ళు వదలడం, ఒక్కసారి జాడించడం, పిండడం. కంపెనీని బట్టి, మోడల్‌ని బట్టి ఈ పంపకం కొంత మారుతుంది కానీ, ప్యానెల్ మీద కనిపించే 15 మొత్తం ఉతుకుడు ఏ మెషీన్‌లోనూ కాదు.

అదే లోడ్ మళ్ళీ పెట్టి, సబ్బు నీళ్ళలో తిరుగుతుండగా ఆపేసి, నీళ్ళు వదిలించి తలుపు తీశాను. మధ్యలో ఇరుక్కున్న పెద్ద టవల్ మడత విప్పి చూపించాను. లోపల పొడిగా ఉంది. తడవని చోట ఏ సబ్బు మాత్రం ఏం చేయగలదు? ఒక గలీబు మూలలో పౌడర్ కరగకుండా ఉండలా దొరికింది. నల్ల ప్యాంట్ల మీద చారలు పడటానికి ఇదొక కారణం. రెండో కారణం నీళ్ళలో ఉంది, దాని గురించి తర్వాత చెబుతాను.

పంచె ముక్కల పరీక్ష

చెప్పడం కంటే చూపించడం మేలు. వాళ్ళ దగ్గరున్న పాత పంచె ఒకటి అడిగి తీసుకుని ముక్కలు చేశాను. ఒక్కో ముక్క మీదా అవే మరకలు: ఆవకాయ నూనె, పసుపు వేసిన పప్పు, చందనం, కుండీలోని మట్టి. ఒక ముక్క 5 కిలోల బట్టల మధ్య క్విక్‌లోకి వెళ్ళింది. ఒకటి 2 కిలోల బట్టలతో క్విక్‌లోకి. మరొకటి 5 కిలోలతో కాటన్ 40లోకి. నీళ్ళు అవే, పౌడర్ అదే.

2 కిలోలతో క్విక్‌లో తిరిగిన ముక్క నిజంగా బాగుంది. మట్టి పోయింది, చందనం దాదాపు పోయింది. ఆవకాయ నూనె మాత్రం చుట్టూ అంచు కట్టి అలాగే ఉంది. కాటన్ 40 ముక్కలో ఆ నూనె అంచు వెలుతురుకు పట్టుకుని చూస్తే తప్ప కనబడనంతగా తగ్గింది. నిండు లోడ్‌తో క్విక్‌లో వెళ్ళిన ముక్కలో చందనం పోకపోగా పక్కకు పాకింది. మట్టి నీడలా మిగిలింది. పసుపు మూడింట్లోనూ పోలేదు. తడిగా ఉన్నప్పుడు ఎర్రబడింది కూడా. డిటర్జెంట్‌లోని క్షారం తగిలితే పసుపు రంగు ఎరుపుకు తిరుగుతుంది, అందులో కంగారు పడాల్సిందేమీ లేదు. పసుపు మరకను ఏ ప్రోగ్రాం కంటే కూడా ఎండే బాగా తీస్తుంది.

ఇంటివాళ్ళకు బాగా గుర్తుండిపోయింది మాత్రం వేరే పరీక్ష. ఉతికిన ఒక్కో ముక్కనూ ఒక్కో గ్లాసు మంచినీళ్ళలో ముంచి పిండి, గ్లాసు ఊపమని పిల్లలకిచ్చాను. కాటన్ 40 గ్లాసులో బుడగలు వచ్చి వెంటనే పోయాయి. నిండు లోడ్ క్విక్ గ్లాసులో నీళ్ళు మసకబారి, పైన నురగ నిలబడింది. ఉతికి, ఆరేయడానికి సిద్ధంగా ఉన్న బట్టలో అంత సబ్బు ఉందన్నమాట. ఆ సబ్బూ, పోని చెమట జిడ్డూ కలిసి బట్టలో పేరుకుంటే వాసన పుట్టించే బ్యాక్టీరియాకు అదే తిండి. ఉతికి ఆరిన బట్టల్లో వచ్చే ఈ ప్రత్యేకమైన వాసనకు మొరాక్సెల్లా ఆస్లోయెన్సిస్ అనే బ్యాక్టీరియా ముఖ్య కారణమని జపాన్ పరిశోధకులు 2012లో చూపించారు. బట్ట ఆరినా అది బతికే ఉంటుంది, మళ్ళీ తడి తగలగానే పని మొదలుపెడుతుంది. ఆరిన టవల్ బాగుండి, ఒళ్ళు తుడుచుకోగానే కంపు కొట్టడం ఇందుకే.

అత్తగారి ప్రశ్న

ఇదంతా చూస్తూ కూర్చున్న అత్తగారు ఒక మాట అడిగారు. "పాత మెషీన్లో పదహైదు నిమిషాలకే తెల్లగా వస్తా ఉండె గదా నాయనా? దాంట్లో వచ్చింది దీంట్లో ఎందుకు రాదు?"

ఈ కేసులో అన్నిటికంటే మంచి ప్రశ్న ఇదే. క్విక్ మీద మన జనానికున్న నమ్మకం ఎక్కడ నుంచి వచ్చిందో ఇందులో తెలుస్తుంది. ఆమె చెప్పే పాత మెషీన్ సెమీ ఆటోమేటిక్. "దాంట్లో ఎట్ల ఉతుకుతా ఉంటిరమ్మా?" అని అడిగాను. చెబుతూ పోయారు. రాత్రి బకెట్‌లో సర్ఫు కలిపి నానేయడం, పొద్దున కాలర్లూ ప్యాంట్ అంచులూ బ్రష్‌తో రుద్దడం, టబ్బు నిండా నీళ్ళు పట్టి 15 నిమిషాలు తిప్పడం, ఆ నీళ్ళు వదిలేసి మళ్ళీ పట్టి జాడించడం, నురగ పోకపోతే ఇంకోసారి, ఆఖరికి పక్క టబ్బులో వేసి పిండడం. ఆ మెషీన్ మీద ఆమె తిప్పిన 15 నిమిషాలు అచ్చంగా సబ్బు నీళ్ళ ఉతుకుడే. దానికి ముందు రాత్రంతా నానింది, వెనక జాడింపు విడిగా ఉంది. ఫ్రంట్ లోడ్ క్విక్‌లో అవన్నీ కలిపి 15. పైగా నీళ్ళు తక్కువ, నానబెట్టే చెయ్యి లేదు, రుద్దే చెయ్యి లేదు.

ఆమె విని, కోడలి వైపు తిరిగి "నేను చెప్తానే ఉన్నా, నానేయమని" అన్నారు. అక్కడ నేను మాట్లాడలేదు.

ఎందుకు ఇలా

1959లో హెర్బర్ట్ సిన్నర్ అనే జర్మన్ రసాయన ఇంజినీరు చెప్పిన లెక్క ఇప్పటికీ లాండ్రీ పనికి ఆధారం. బట్ట శుభ్రపడాలంటే నాలుగు కావాలి: సబ్బు, రాపిడి, వేడి, సమయం. ఒకటి తగ్గిస్తే ఆ లోటు మిగతా మూడింటిలో పూడ్చాలి. క్విక్‌లో సమయాన్ని కోసేశాం. దాంతోపాటే వేడీ పోయింది. డ్రమ్ము నిండా బట్టలు కుక్కడంతో రాపిడి కూడా పోయింది. ఫ్రంట్ లోడ్‌లో రాపిడి అంటే బట్ట పైదాకా లేచి కిందకు దభీమని పడటమే. పైన జానెడు ఖాళీ లేకపోతే పడే చోటే ఉండదు, ముద్దగా దొర్లుతుందంతే. ఇక మిగిలింది సబ్బు ఒక్కటి. అందుకే ఆమె పౌడర్ రెండింతలు వేయడం మొదలుపెట్టారు. ఎక్కువైన నురగ మెత్తటి పరుపులా బట్టలు పడే దెబ్బను తగ్గించింది, ఒక్క జాడింపుకు అది వదల్లేదు. మంచి డిటర్జెంట్లలో చెమట, పాలు, పప్పు లాంటి మరకలను విడగొట్టే ఎంజైములుంటాయి. వాటికి పనిచేయడానికి వ్యవధి కావాలి. ఆరు నిమిషాల్లో అవి పెద్దగా చేసేదేమీ ఉండదు.

సమయం ఎక్కువైతే కరెంటు ఎక్కువ కాలుతుందని ఆమె భర్త అనుమానం. మెషీన్‌లో కరెంటు ఎక్కువ తాగేది తిరిగే మోటారు కాదు, హీటర్. 12 లీటర్లను 28 నుంచి 40 డిగ్రీలకు తేవడానికి నీళ్ళ వరకు 0.17 యూనిట్ చాలు. అదే 60కి తేవాలంటే 0.45 దాకా పోతుంది. యూరప్‌లో 2021 మార్చి నుంచి మెషీన్లలో తప్పనిసరి చేసిన ఎకో 40-60 ప్రోగ్రాం గంటల తరబడి నడిచేది ఇందుకే. వేడి తగ్గించి, సమయం పెంచి కరెంటు మిగుల్చుకోవడం. వాసనొచ్చిన టవళ్ళను ఈ ఇంట్లో ఎలాగూ రెండోసారి ఉతుకుతున్నారు, ఆ కరెంటూ నీళ్ళూ ఎవరూ లెక్కేయలేదు.

నీళ్ళ సంగతి

ఈ అపార్ట్‌మెంట్‌లో మున్సిపల్ నీళ్ళూ బోరు నీళ్ళూ ఒకే సంపులో కలుస్తాయి. ఏ రోజు ఏది ఎక్కువో వాచ్‌మన్‌కు తప్ప తెలీదు. చుక్కల కిట్‌తో కాఠిన్యం చూస్తే లీటరుకు 400 మిల్లీగ్రాములు దాటింది. తాగునీటికి మన దేశంలో పాటించే ఐఎస్ 10500 ప్రమాణంలో 200 దాకా ఆమోదయోగ్యం, వేరే దారి లేకపోతే 600 దాకా అనుమతి. ఆ లెక్కన నీళ్ళు తాగరానివేమీ కావు కానీ, బట్టలకు గట్టి నీళ్ళే. చాలామంది ఆర్‌ఓ కుర్రాడి టీడీఎస్ మీటర్ అంకె చూసి కాఠిన్యం అనుకుంటారు. టీడీఎస్ నీళ్ళలో కరిగిన లవణాలన్నింటినీ కలిపి చెబుతుంది. సబ్బుకు అడ్డుపడేది అందులోని కాల్షియం, మెగ్నీషియం మాత్రమే. దానికి విడిగా పరీక్ష ఉంది.

గట్టి నీళ్ళతో ఇక్కడ ఒక చిక్కుముడి ఉంది. కాల్షియం కొంత డిటర్జెంట్‌ను మింగేస్తుంది కాబట్టి మామూలు కంటే కాస్త ఎక్కువ వేయాలి. క్విక్‌లో జాడింపు తక్కువ కాబట్టి మామూలు కంటే తక్కువ వేయాలి. రెండూ ఒకేసారి కుదరవు. తిరుపతిలో బోరు నీళ్ళ ఇళ్ళలో క్విక్ మరీ ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే అని నా అనుభవం. జాడింపులో పోకుండా మిగిలిన సబ్బు, కాల్షియంతో కలిసి తెల్లటి మడ్డిలా నూలు మధ్య కూర్చుంటుంది. నల్ల ప్యాంట్ల చారల్లో సగం పౌడర్ ఉండలదైతే, సగం ఈ మడ్డిది.

ఏం మార్చాం

ముందు మెషీన్ శుభ్రం. రబ్బర్ మడత, ట్రే, ఫిల్టర్ చేత్తో కడిగాం. పుస్తకంలో వద్దని లేదు కాబట్టి ఖాళీ డ్రమ్ములో 100 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) వేసి కాటన్ 60 నడిపాం. ఒక హెచ్చరిక గట్టిగా చెబుతున్నాను: నిమ్మ ఉప్పు వేసినప్పుడు బ్లీచింగ్ పౌడర్ గానీ, బ్లీచ్ ద్రవం గానీ కలపకూడదు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, తలుపులు మూసిన బాత్రూంలో అది ప్రాణం మీదికి తెస్తుంది.

సమయం సమస్యకు జవాబు మెషీన్‌లోనే ఉంది. అందులో ఆలస్యంగా మొదలుపెట్టే బటన్ ఉంది, మూడేళ్ళలో ఒక్కరూ నొక్కలేదు. రాత్రి పడుకునే ముందు బట్టలు వేసి, పొద్దున అయిదున్నరకు ముగిసేలా కాటన్ 40 పెట్టమన్నాను. పడుకోగానే నడిపిస్తే అర్ధరాత్రికి అయిపోయి, తెల్లారేదాకా తడి బట్టలు మూసిన డ్రమ్ములో మగ్గుతాయి. అది మళ్ళీ వాసనకే దారి. లేవగానే తీసి ఆరేయాలి. ఆమె లేచేది ఎలాగూ అయిదింటికే.

టవళ్ళు, దుప్పట్లు, గలీబులు, ఆమె ఆస్పత్రి యూనిఫాంలు వారంలో విడిగా కాటన్ 60లో. ఆస్పత్రి బట్టల్ని పిల్లల బట్టలతో కలిపి చల్లటి క్విక్‌లో తిప్పడం మాత్రం ఇక ఆపేయమని గట్టిగానే చెప్పాను. ఆవకాయ, నూనె మరకలుంటే వేసే ముందు చుక్క లిక్విడ్ రాసి పది నిమిషాలు ఉంచాలి. అత్తగారు ఆ పని తాను చూసుకుంటానన్నారు.

క్విక్‌ను పూర్తిగా మానేయమని నేను చెప్పలేదు, చెప్పను కూడా. దానికి తగిన పని దానికుంది. గుడికి కట్టి గంటలో విప్పేసిన పంచె, పెళ్ళికి ఓ పూట వేసుకున్న చొక్కా, కొత్తగా కొన్న బట్టలు, సాయంత్రం ఆడుకునేటప్పుడు వేసుకున్న టీషర్ట్‌కు అంటిన దుమ్ము. డ్రమ్ములో మూడో వంతుకు మించకుండా, పౌడర్ కాకుండా లిక్విడ్, అదీ సగం మూత. వ్యాయామం చేసి చెమటతో తడిసిన బనియన్, లోదుస్తులు, చంటిబిడ్డ గుడ్డలు, జబ్బు పడినవాళ్ళ పక్కబట్టలు మాత్రం క్విక్‌లోకి రాకూడదు. వానాకాలంలో క్విక్ పెట్టినా స్పిన్ వేగం పెంచాలి. చాలా మెషీన్లలో క్విక్‌కు స్పిన్ తక్కువగా ఉంటుంది. తడి ఎక్కువ మిగిలితే బాల్కనీలో ఆరడానికి రోజు పడుతుంది, వాసనకు ఆ రోజే చాలు.

కొన్ని వారాల తర్వాత

మళ్ళీ వెళ్ళి చూస్తే టవళ్ళ వాసన పోయింది. తడిపి, ప్లాస్టిక్ కవర్లో కాసేపు ఉంచి మరీ వాసన చూశాను. గ్లాసు పరీక్షలో నురగ నిలవలేదు. నల్ల ప్యాంట్లు బాగున్నాయి. పౌడర్ ముందుకంటే తక్కువే పడుతోందని ఆయన చెప్పారు. రబ్బర్ మడత రోజూ పొడిగుడ్డతో తుడిచి తలుపు ఓరగా తెరిచి ఉంచుతున్నారు, అందులో జిగురు లేదు. హీటర్ అదే.

తెల్ల చొక్కాల కాలర్లు మాత్రం సగమే తెల్లబడ్డాయి. మూడేళ్ళుగా నూలులోకి దిగిన జిడ్డు, ఆరి, మళ్ళీ ఇస్త్రీ వేడికి ముదిరింది. అది ప్రోగ్రాం మారిస్తే పోయేది కాదు. ఆక్సిజన్ బ్లీచ్ కలిపిన గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి చూడమన్నాను, పూర్తిగా వస్తుందని మాట ఇవ్వలేదు. సంకల దగ్గర గట్టిపడిన పసుపు రంగు మరకలు డియోడరెంట్‌లోని అల్యూమినియం లవణాలూ చెమటా కలిసి ఏర్పడినవి, వాటి మీద ఆశ వదులుకోమన్నాను.

నీళ్ళ విషయం ఇంకా తేలలేదు. సంపుకు నీళ్ళ కాఠిన్యం తగ్గించే సాఫ్ట్‌నర్ పెట్టిద్దామని అసోసియేషన్‌లో కొందరు అంటున్నారు. దానికి ఎప్పటికప్పుడు ఉప్పు పోసి కడగాలి, ఆ ఉప్పునీళ్ళు వదలడానికి చోటు కావాలి, నెలనెలా ఖర్చు ఎవరెంత పెట్టుకోవాలో తేలాలి. అప్పటిదాకా ఈ ఇంట్లో రెండు మూడు నెలలకోసారి నిమ్మ ఉప్పుతో ఖాళీ మెషీన్ నడపమని చెప్పి, తేదీలు క్యాలెండర్ మీద రాసి వచ్చాను.